ఆటలో అరటిపండు: వీడియోగేముల సులభస్థాయిలో పరిహాసం, దండన

వ్యాససంగ్రహం:

వీడియోగేమ్ ఆడేవారు తమ శక్తికి తగిన కాఠిన్యస్థాయిని ఎంచుకునే వెసులుబాటు దాదాపు ఐదు దశాబ్దాలుగా ఉంది. అయితే సులభస్థాయిని ఎంచుకున్నవారిని కొన్ని ప్రసిద్ధమైన ఆటలు పేరుతో వెక్కిరించాయి, పాత్ర శరీరం మీద గుర్తు వేశాయి, కథను మధ్యలోనే ఆపివేశాయి. ఈ పద్ధతులను ఆటల్లోని వాక్యాలు, చిత్రాలు, నియమాలు, ప్రోగ్రామ్ మూలపాఠం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆట సులువు కావడానికి పరిహాసం అవసరం లేదని, ఆ పరిహాసం ఆటకు తగినవారెవరో, కానివారెవరో నిర్ణయించే మాటగా పనిచేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: వీడియోగేములు, కాఠిన్యస్థాయి, పరిహాసం, ఉత్తమపురుష, వైకల్యం, అందుబాటు, పదజాలం.

1. ప్రవేశిక

తెలుగునాట పిల్లల ఆటలకు సంబంధించి 'ఆటలో అరటిపండు' అనే నానుడి ఉంది. వయసులో చిన్నవాడో, వేగంగా పరుగెత్తలేనివాడో తానూ ఆడతానని మారాం చేస్తే పెద్దపిల్లలు అతణ్ణి అరటిపండుగా చేర్చుకుంటారు. అతణ్ణి ముట్టుకున్నా ఔటు కాడు. దొంగ పెట్టవలసిన వంతు అతనికి రాదు. అలాగే అతని గెలుపు కూడా లెక్కకు రాదు. పెద్దల వాడుకలోకి వచ్చేసరికి ఈ మాట అర్థం కొంత మారింది. ఉన్నా లేనట్టే లెక్కయ్యే మనిషిని, పదవి ఉండి అధికారం లేనివాణ్ణి అలా అంటారు. అంటే ఒకే మాటలో ఆదరణ ఉంది, చిన్నచూపూ ఉంది. అయితే పిల్లల ఆటలో ఒక మర్యాదను గమనించాలి. అరటిపండును ఆట మధ్యలో ఇంటికి పంపరు. అతను అరటిపండన్న సంగతిని చాలాసార్లు అతనికే తెలియనివ్వరు.

వీడియోగేముల్లోని సులభస్థాయి కూడా ఇటువంటి ఏర్పాటే. శత్రువుల దెబ్బ తీవ్రతను తగ్గించడం, మందుగుండును పెంచడం, సమయాన్ని పొడిగించడం వంటి మార్పులతో తక్కువ నైపుణ్యం ఉన్నవారిని కూడా ఆటలోకి చేర్చుకోవడం దాని పని. ఆ పనిని కొన్ని ఆటలు ఏ మాటలతో, ఏ షరతులతో చేశాయన్నదే ఇక్కడి ప్రశ్న. ఇందుకోసం 1992 నుంచి 2020 వరకు వచ్చిన కొన్ని ఆటలను తీసుకుని, వాటిలో కనిపించే ధోరణులను పేరుతో చేసే పరిహాసం, శరీరం మీద వేసే గుర్తు, కథను ఆపే దండన అని మూడు విధాలుగా విభజించి చర్చిస్తున్నాను.

2. చారిత్రక నేపథ్యం

1970ల చివరలోనూ 1980లలోనూ నాణెం వేసి ఆడే యంత్రాల్లో కాఠిన్యాన్ని నిర్ణయించేది ఆడేవారు కాదు. యంత్రం లోపల ఉండే చిన్న స్విచ్చుల ద్వారా దుకాణదారు ఎన్ని ప్రాణాలివ్వాలో, ఆట ఎంత కష్టంగా ఉండాలో అమర్చుకునేవాడు. ఆట త్వరగా ముగిస్తే మరో నాణెం పడుతుంది కనుక అక్కడి కాఠిన్యానికి వ్యాపారంతో నేరుగా సంబంధం ఉంది.

ఆట ఇంటికి వచ్చాక ఈ అధికారం ఆడేవారి చేతికి మారింది. 1977లో వెలువడిన అటారీ 2600 యంత్రం మీద కాఠిన్యానికి రెండు స్విచ్చులుండేవి. ఎడమవైపు ఆడేవారికి ఒకటి, కుడివైపు ఆడేవారికి ఒకటి. ప్రతి స్విచ్చుకూ 'ఎ', 'బి' అనే రెండు స్థానాలుండేవి. 'ఎ' ఆరితేరినవారికి, 'బి' కొత్తవారికి. ఇద్దరికీ వేర్వేరు స్విచ్చులు ఉన్నందువల్ల ఒకే ఆటలో తండ్రి ఒక స్థాయిలో, బిడ్డ మరో స్థాయిలో కలిసి ఆడగలిగే వీలుండేది. ఇక్కడ గమనించవలసింది ఆ అక్షరాల తటస్థత. 'బి' అనే అక్షరం ఎవరినీ పొగడదు, ఎవరినీ తెగడదు. కనుక సులభస్థాయికి ఎగతాళి పుట్టుకతో వచ్చిన గుణం కాదు, తరువాత చేర్చిన అలంకారమని చెప్పవచ్చు. కంప్యూటర్ తెర మీద ఎంపికల పట్టికలు వచ్చి, అక్షరానికి బదులు పూర్తి వాక్యం రాసే చోటు దొరికినప్పుడు ఆ చేర్పుకు అవకాశం కలిగింది.

3. పేరుతో చేసే పరిహాసం

ఐడి సాఫ్ట్‌వేర్ సంస్థ 1992లో విడుదల చేసిన 'వుల్ఫెన్‌స్టైన్ 3డి' ఈ ధోరణికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇందులో నాలుగు స్థాయిలున్నాయి. వాటి పేర్లను తెలుగులో చెప్పుకుంటే 'నాన్నా, నేనూ ఆడుకోనా?', 'నన్ను కొట్టొద్దు', 'రానీ వాళ్లను', 'మృత్యువు అవతారాన్ని నేనే' అని వస్తాయి. ఒక్కో స్థాయి మీదికి వెళ్లినప్పుడు కథానాయకుడైన సైనికుడి ముఖం పక్కనే కనిపిస్తుంది. మొదటి స్థాయిలో ఆ ముఖానికి పసిపిల్లల టోపీ, నోట్లో పాలపీక ఉంటాయి. మరుసటి ఏడాది ఇదే సంస్థ విడుదల చేసిన 'డూమ్' ఆటలో అతి సులువైన స్థాయి పేరు 'చావడానికి నాకింకా వయసు రాలేదు' అనే అర్థాన్నిస్తుంది.

ఈ పేర్లలో వ్యాకరణపరంగా ఒక విశేషం ఉంది. ఇవి ఆడేవారి గురించి ఆట చెప్పే మాటలు కావు. ఉత్తమపురుషలో, ఆడేవారి నోటితోనే పలికించే మాటలు. 'నువ్వు పసివాడివి' అని ఆట అనదు. 'నాన్నా, నేనూ ఆడుకోనా?' అని ఆడేవారి చేతనే అనిపిస్తుంది. మధ్యమపురుషలో నింద ఉంటే ఎదురు చెప్పే అవకాశం ఉండేది. ఉత్తమపురుషలో నింద ఒప్పుకోలుగా మారిపోతుంది. సులువుగా ఆడాలంటే ముందు తనను తాను తగ్గించుకునే వాక్యాన్ని ఎంచుకోక తప్పదు. పై స్థాయిలకు వెళ్లేకొద్దీ అదే ఉత్తమపురుష ఆత్మస్తుతిగా మారడం కూడా ఇక్కడ పరిశీలించదగిన అంశం.

ఈ ఆటల ప్రోగ్రామ్ మూలపాఠాన్ని సంస్థ తరువాతి కాలంలో అందరికీ విడుదల చేసింది. 'వుల్ఫెన్‌స్టైన్ 3డి' మూలపాఠం 1995లోను, 'డూమ్' మూలపాఠం 1997లోను వెలువడ్డాయి. వాటిని పరిశీలిస్తే రెండు సంగతులు బయటపడతాయి.

మొదటిది: ఆడేవారికి ఎప్పటికీ కనిపించని లోపలి సంకేతాల్లో సైతం అతి సులువైన స్థాయికి పెట్టిన పేరు 'బేబీ'. దాని తరువాతి స్థాయికే 'ఈజీ' అన్న పేరు దక్కింది. అంటే సులభం అనే తటస్థమైన పదం నిర్మాతలకు అందుబాటులోనే ఉంది. దాన్ని ఒక మెట్టు పైన వాడి, కింది మెట్టుకు పసితనాన్ని అంటగట్టారు.

రెండవది: ఆ స్థాయిలో జరిగే అసలు మార్పు చాలా చిన్నది. 'వుల్ఫెన్‌స్టైన్ 3డి'లో శత్రువు కొట్టే దెబ్బను నాలుగో వంతుకు తగ్గిస్తారు. 'డూమ్'లో సగానికి తగ్గిస్తారు. మూలపాఠంలో ఇది ఒక్క వాక్యంతో ముగిసిపోయే లెక్క. 'డూమ్'లో మరో వెసులుబాటు కూడా ఉంది. నేల మీద దొరికే మందుగుండు ఈ స్థాయిలో రెట్టింపు అవుతుంది. అయితే ఇదే రెట్టింపు 'పీడకల' అనే అత్యంత కఠినమైన స్థాయిలోనూ ఉంది. మూలపాఠంలో ఈ రెండు స్థాయిలూ ఒకే షరతులో పక్కపక్కన కనిపిస్తాయి. చచ్చిన శత్రువులు మళ్లీ లేచివచ్చే 'పీడకల'లో ఆ మందుగుండు అవసరమే, కాదనలేం. కానీ కింది స్థాయిలో ఉన్నవారికి కూడా అది అవసరమే. ఒకే సాయాన్ని ఒకచోట వీరుడికి అందిన ఆయుధంగా, మరోచోట పసివాడికి పట్టిన పాలసీసాగా చూపగలిగింది పేరు మాత్రమే. దీన్నిబట్టి పరిహాసం ఉన్నది సాయంలో కాదని, సాయానికి పెట్టిన పేరులోనని స్పష్టమవుతుంది.

ఈ సంప్రదాయం ఆ కాలంతో ఆగిపోలేదు. 2014లో వచ్చిన 'వుల్ఫెన్‌స్టైన్: ది న్యూ ఆర్డర్' ఆటలోనూ అదే వాక్యం, అదే టోపీ, అదే పాలపీక కొత్త చిత్రకళతో మళ్లీ కనిపించాయి.

4. శరీరం మీద వేసే గుర్తు

పేరు ఆట మొదట్లో ఒకసారి కనిపించి పోతుంది. గుర్తు మాత్రం ఆట సాగినంతసేపూ పాత్ర వెంట ఉంటుంది. 2005లో టీమ్ నింజా రూపొందించిన 'నింజా గైడెన్ బ్లాక్' ఇందుకు ఉదాహరణ. ఇందులో సులభస్థాయి మొదట అందుబాటులో ఉండదు. ఆరంభంలోనే మూడుసార్లు చనిపోయాక, నింజా మార్గాన్ని వదిలిపెడతావా అన్న అర్థంలో ఆట ఒక ప్రశ్న వేస్తుంది. ఒప్పుకుంటే దొరికే స్థాయి పేరు 'నింజా కుక్క'. ఆ తరువాత అయానే అనే పాత్ర కథానాయకుడికి సాయం చేస్తూనే ఈసడిస్తుంది. అతని చేతికి ఒక రిబ్బను చేరుతుంది. ఇక్కడ ఎగతాళి ఎంపికల పట్టికను దాటి కథలోకి వచ్చింది, సంభాషణగా మారింది, వేషంగా మారింది.

2015లో వచ్చిన 'మెటల్ గేర్ సాలిడ్ 5: ది ఫాంటమ్ పెయిన్' ఆటలో పదేపదే ఓడిపోయేవారికి కోడి ఆకారపు టోపీ ఇస్తామని ఆట అడుగుతుంది. ఆంగ్లంలో కోడి పిరికితనానికి గుర్తు. ఆ టోపీ పెట్టుకుంటే శత్రుసైనికులు కథానాయకుణ్ణి చూసినా కొన్నిసార్లు పట్టించుకోక నవ్వి వదిలేస్తారు. ఎన్నో యుద్ధాలు చూసిన గంభీరమైన సైనికుడు కోడిటోపీతో పాకుతూ వెళ్లడంలో హాస్యం ఉన్న మాట నిజమే. ఆ హాస్యం కొంతవరకు ఆట తన గాంభీర్యాన్ని తానే గేలిచేసుకోవడం కూడా. అయినా అది అందే సమయాన్ని విస్మరించలేం. గెలిచినవాడికి ఈ టోపీ ఇవ్వరు. ఓడి విసిగినవాడికే ఇస్తారు.

సమయానికి ఉన్న ఈ ప్రాధాన్యాన్ని 2005 నాటి 'గాడ్ ఆఫ్ వార్' మరో విధంగా చూపుతుంది. పలుమార్లు చనిపోయాక సులభస్థాయికి మారతారా అని అది మామూలు మాటల్లోనే అడుగుతుంది. వాక్యంలో వెక్కిరింత లేదు. అయినా ఓటమి బాధలో ఉన్నవారికి అది పుండు మీద కారంలా తగలవచ్చు. కనుక పరిహాసాన్ని పరిశీలించేటప్పుడు మాటతోపాటు ఆ మాట వినిపించే సందర్భాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

5. కథను ఆపే దండన

మూడో విధంలో వెక్కిరించే మాట ఉండనక్కర లేదు. ఆటే ఆగిపోతుంది. 1994లో సెగా విడుదల చేసిన 'స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 3'లో సులభస్థాయిలో ఆడేవారికి అయిదో అంకంతోనే ఆట ముగుస్తుంది. అక్కడ ఎదురయ్యే ప్రతినాయకుడు అసలువాడు కాదు, అతని పోలికతో చేసిన యంత్రం. జపాన్‌కు చెందిన 'టౌహౌ' ఆటల వరుసలో 2002 నాటి 'ఎంబాడిమెంట్ ఆఫ్ స్కార్లెట్ డెవిల్' కూడా సులభస్థాయిలో అయిదో అంకం దగ్గరే ఆగుతుంది. ఆరో అంకంలోని అసలు ప్రతినాయిక వారికి ఎదురుపడదు.

2017లో వచ్చిన 'కప్‌హెడ్' ఈ పద్ధతిని మరింత నాజూకుగా అమలు చేసింది. దయ్యంతో జూదమాడి ఓడిపోయిన ఇద్దరు అన్నదమ్ములు, దయ్యానికి బాకీపడ్డవారి దగ్గర నుంచి ఆత్మల ఒప్పందపత్రాలు వసూలు చేసుకురావడం ఇందులోని కథ. ఇందులో సులువైన స్థాయి పేరు 'సింపుల్'. పేరులో ఏ దోషమూ లేదు. ఈ స్థాయిలో ప్రతినాయకుల పోరాట దశలు కొన్ని తగ్గుతాయి. కానీ ఓడించినా ఒప్పందపత్రం చేతికి రాదు. పత్రాలన్నీ లేకుండా చివరి ఘట్టంలోకి ప్రవేశం లేదు. అంటే పని చేశారు, ఫలితం ఇవ్వలేదు. ఈ నిరాకరణ పేరులో కాక కథాసంవిధానంలోనే ఉన్నందువల్ల వెంటనే కంటికి కనిపించదు.

ఏ నవలా తన పాఠకుడు నెమ్మదిగా చదువుతున్నాడని చివరి ప్రకరణాలను దాచుకోదు. ఆట నవల కాదని, దాని ముగింపు బహుమతి వంటిదని ఇక్కడ వాదించవచ్చు. కొంతవరకు అది నిజం. ప్రత్యేకమైన పతకాలు, బిరుదులు కఠినస్థాయికే కేటాయిస్తే ఆక్షేపించవలసిన పని లేదు. కానీ కథను పట్టుగా పెట్టుకుని నడిచే ఆటలో కథాంతం పతకం కాదు, ఆ రచనలో భాగం. పైగా అన్ని స్థాయిలవారూ అదే ఆటను అదే వెలకు కొన్నవారే.

6. ఆక్షేపణలు, సమాధానాలు

ఈ చర్చకు సాధారణంగా మూడు ఆక్షేపణలు ఎదురవుతాయి.

6.1. 'ఇది సరదా మాత్రమే' అన్నది మొదటిది. తెలుగు సంస్కృతిలో మేలమాడటానికి ఒక వరస ఉంది. బావామరదళ్ల మధ్య సాగే మేలం మరొకరి నోట వస్తే అవమానం అవుతుంది. మేలాన్ని చెల్లించేది మాట కాదు, ఆ ఇద్దరి మధ్య ఉన్న చనువు, తిరిగి ఒక మాట అనగలిగే హక్కు. ఆటకూ ఆడేవారికీ మధ్య ఈ రెండూ లేవు. ఆట అంటుంది, ఆడేవారు పడతారు. 'వుల్ఫెన్‌స్టైన్' పేర్లను చూసి మనసారా నవ్వుకున్నవారు చాలామంది ఉంటారు. వారిలో ఎక్కువమంది పై స్థాయిని ఎంచుకోగలిగినవారే కావచ్చు. ఎంచుకునే వీలు లేనివారికి ఆ నవ్వులో పాలు దక్కదు.

6.2. 'కాఠిన్యం రచయిత సంకల్పం' అన్నది రెండవది. 2019లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన 'సెకిరో' ఆటలో కాఠిన్యస్థాయిల ఎంపిక లేదు. దానికి సులభస్థాయి ఉండాలా, వద్దా అని అప్పట్లో పెద్ద వాదం నడిచింది. ప్రతి ఆటా సులభస్థాయిని ఇచ్చి తీరాలన్నది ఈ వ్యాసం వాదం కాదు. ఒకే ద్వారం పెట్టడం ఒక నిర్ణయం. దాని మంచిచెడ్డలు వేరే చర్చించవలసినవి. రెండో ద్వారం తెరిచి, దాని గడప మీద నిందావాక్యం రాయడం వేరొక నిర్ణయం. రచయిత సంకల్పమనే సమర్థన మొదటిదానికి కొంత వర్తిస్తుంది గాని రెండవదానికి వర్తించదు.

6.3. 'రెచ్చగొడితేనే నేర్చుకుంటారు' అన్నది మూడవది. మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ 1990లో వెలువరించిన 'ఫ్లో' గ్రంథంలో నైపుణ్యానికీ సవాలుకూ మధ్య సమతూకం గురించి వివరించారు. సవాలు నైపుణ్యాన్ని మించితే ఆందోళన, నైపుణ్యం సవాలును మించితే విసుగు కలుగుతాయి. ఈ దృష్టితో చూస్తే కాఠిన్యం ఆటలో ఉండే గుణం కాదు, ఆటకూ ఆడే మనిషికీ మధ్య ఏర్పడే సంబంధం. వేళ్లు వణికే మనిషికి సులభస్థాయిలోని ఒక దూకుడు, ఆరోగ్యవంతుడైన యువకుడికి కఠినస్థాయిలోని పోరాటమంత శ్రమ కావచ్చు. చూపు మందగించినవారు, ఒకే చేత్తో ఆడేవారు, వయసు మీరాక తొలిసారి ఆట పట్టినవారు, రోజుకు అరగంటకు మించి తీరిక లేనివారు, కథ కోసమే ఆడేవారు — వీరందరికీ ఆట అంటగడుతున్న కారణం ఒక్కటే: పసితనం లేదా పిరికితనం. ఎంపిక వెనక ఉన్న కారణం ఆటకు తెలియదు. తెలియకుండానే తీర్పు చెబుతోంది.

ఇటువంటి తీర్పు ఆట వరకే ఆగదని చూపే ఘటన ఒకటి ఉంది. బయోవేర్ సంస్థలో పనిచేసిన ఒక రచయిత్రి 2006లో ఒక ముఖాముఖిలో, సంభాషణలను దాటవేసే వీలున్నట్టే పోరాటాలను దాటవేసే వీలు కూడా ఉండాలని అభిప్రాయపడ్డారు. 2012లో ఆ మాటలను వెలికితీసి సామాజిక మాధ్యమాల్లో ఆమెను తీవ్రంగా దూషించారు. ఆ దూషణకు కారణాలు అనేకం, ఆమె స్త్రీ కావడం వాటిలో ఒకటి. అయితే పోరాటం ఇష్టంలేనివారు ఆటకు పరాయివారన్న భావన అప్పటికే స్థిరపడి ఉండటం అందుకు అనుకూలమైన నేల అయింది. రెండు దశాబ్దాలుగా ఎంపికల పట్టికలు నవ్వుతూ చెప్పిన మాటనే ఆ గుంపు కోపంతో చెప్పింది.

7. ప్రత్యామ్నాయ మార్గాలు

అదే 2012లో అదే సంస్థ నుంచి వచ్చిన 'మాస్ ఎఫెక్ట్ 3' ఆరంభంలోనే మూడు మార్గాలను ఇచ్చింది. పోరాటానికి ప్రాధాన్యమిచ్చేది, కథకు ప్రాధాన్యమిచ్చేది, రెండింటినీ కలిపి నడిపేది. ఇక్కడ స్థాయి పేరు ఆడేవారి అశక్తతను కాక అభిరుచిని చెబుతుంది.

2018లో వచ్చిన 'సెలెస్ట్' స్వభావరీత్యా కఠినమైన ఆట. మాడెలిన్ అనే యువతి మానసిక ఆందోళనతో పోరాడుతూ పర్వతాన్ని ఎక్కడం దాని కథ. ఇందులోని 'సహాయ పద్ధతి' ద్వారా ఆట వేగాన్ని పదేసి శాతం చొప్పున తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు, పాత్రకు చావే లేకుండా కూడా చేసుకోవచ్చు. కథలో ఏ భాగాన్నీ ఇందుకోసం దాచలేదు. తొలి రూపంలో ఈ పద్ధతిని పరిచయం చేసే వాక్యాలు, మొదటిసారి ఇది లేకుండానే ఆడమని సూచించేవి. ఆ ధోరణి మీద విమర్శలు వచ్చాక నిర్మాతలు ఆ వాక్యాలను తిరగరాశారు. ఒక్క నియమం కూడా మారలేదు, మాట మాత్రమే మారింది. ఆ మార్పు అవసరమని వారు భావించడమే మాటకున్న బలానికి నిదర్శనం.

2018లో మైక్రోసాఫ్ట్ సంస్థ, అవయవాల కదలిక పరిమితంగా ఉన్నవారి కోసం ప్రత్యేకమైన ఆటపరికరాన్ని విడుదల చేసింది. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'లో అరవైకి పైగా అందుబాటు సౌకర్యాలున్నాయి. కాఠిన్యాన్ని కూడా ఒకే నిచ్చెనగా కాక విడివిడి అంశాలుగా మార్చుకునే వీలు అందులో ఉంది. శత్రువుల తీరు, వనరుల లభ్యత, తోడున్నవారి సాయం వంటివాటిని వేర్వేరుగా అమర్చుకోవచ్చు. నిచ్చెన లేనప్పుడు అట్టడుగు మెట్టూ ఉండదు. వెక్కిరించడానికి ఆధారమే మిగలదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

* సులభస్థాయిని పరిహసించడం ఆటల సహజలక్షణం కాదు. 1977 నాటి అటారీ స్విచ్చుల మీది అక్షరాలు తటస్థమైనవి. పరిహాసం తరువాత చేరినది.

* సులభస్థాయిలో జరిగే సాంకేతికమైన మార్పుకూ దానికి పెట్టిన పేరుకూ సంబంధం లేదు. ఒకే సాయం 'డూమ్'లో అట్టడుగు స్థాయిలోనూ, అత్యున్నత స్థాయిలోనూ ఉండటమే ఇందుకు సాక్ష్యం.

* ఉత్తమపురుషలో ఉన్న పేర్లు నిందను ఆడేవారి ఒప్పుకోలుగా మారుస్తాయి. వాటి ప్రభావం ఈ వ్యాకరణం వల్ల కూడా కలుగుతుంది.

* పేరులో మర్యాద ఉన్నా నియమంలో నిరాకరణ ఉండవచ్చని 'కప్‌హెడ్' చూపుతుంది. కనుక పేరును, నియమాన్ని విడివిడిగా పరిశీలించాలి.

* కాఠిన్యం మనిషిని బట్టి మారే సంబంధం. దాన్ని శౌర్యానికో, వయసుకో కొలమానంగా వాడటం వైకల్యం ఉన్నవారికి, వృద్ధులకు, కొత్తవారికి అన్యాయం చేస్తుంది.

ఆటల్లోని మాటలను తెలుగు చేసేవారికి ఈ పరిశీలన ఒక ఆచరణాత్మకమైన ప్రశ్నను మిగులుస్తుంది. 'సులభం, మధ్యమం, కఠినం' అన్న వరుసలో నింద లేదు. అయితే అది కూడా నిచ్చెనే. 'కథ కోసం', 'ఆట కోసం', 'పంతం కోసం' వంటి పేర్లు ఆడేవారి కోరికను చెబుతాయి. నానుడికున్న చమత్కారం కోసం 'అరటిపండు' అన్న పేరు పెట్టాలని ఎవరికైనా అనిపించవచ్చు. అలా పెట్టేవారు ఆ నానుడి వెనక ఉన్న పిల్లల ఆటను కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ అరటిపండును చేర్చుకున్న పిల్లలు అతని నుదుట ఆ పేరు రాయలేదు. చీకటిపడి అందరూ ఇళ్లకు వెళ్లేదాకా అతణ్ణి ఆడనిచ్చారు.